తరలించాలా, ఉన్నచోటే ఉంచాలా? డిమెన్షియా ఉన్న పెద్దలూ విపత్తులూ

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను అమెరికాలోని లూయిజియానా తీరాన్ని తాకింది. న్యూ ఆర్లీన్స్ పక్కనున్న సెయింట్ బెర్నార్డ్ పారిష్‌లో సెయింట్ రీటాస్ అనే వృద్ధుల సంరక్షణ గృహం ఉండేది. అక్కడి పెద్దల్ని ముందుగా తరలించలేదు. గట్లు తెగి నీళ్లు లోపలికి వచ్చేసరికి మంచాల మీదున్నవాళ్లను పైకి లేపేంత సమయం లేదు. 35 మంది చనిపోయారు. యజమానుల మీద క్రిమినల్ కేసు నడిచింది. 2007లో జ్యూరీ వాళ్లను నిర్దోషులని తేల్చింది.

ఆ ఘోరం టీవీల్లో చూసిన దేశం నెల తిరక్కముందే ఇంకో తుపానును ఎదుర్కొంది. దాని పేరు కూడా రీటాయే. ఈసారి టెక్సస్‌లో అందరూ ముందే కదిలారు. సెప్టెంబరు 23 తెల్లవారుజామున, హ్యూస్టన్ శివారు బెలెయిర్‌లోని ఒక వృద్ధుల గృహం నుంచి బయల్దేరిన బస్సు డాలస్ దగ్గర్లో తగలబడింది. వెనక చక్రం దగ్గర వేడెక్కి మంటలు లేచాయి, లోపలున్న ఆక్సిజన్ సిలిండర్లు వాటికి తోడయ్యాయి. నడవలేని 23 మంది పెద్దలు బస్సులోనే చనిపోయారు. రీటా ఆఖరికి దారి మార్చుకుని హ్యూస్టన్‌ను వదిలేసి తూర్పుగా వెళ్లిపోయింది. టెక్సస్‌లో ఆ తుపాను పేరుతో నమోదైన మరణాల్లో ఎక్కువ భాగం ఆ తరలింపులో జరిగినవే.

ఒకచోట కదిలించనందుకు చనిపోయారు, ఇంకోచోట కదిలించినందుకు. దీన్ని దురదృష్టమని వదిలెయ్యొచ్చు. కానీ వృద్ధుల సంరక్షణ, డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన మెల్లమెల్లగా దెబ్బతినే జబ్బు), విపత్తు సన్నద్ధత అనే మూడింటి మీదా ఒకేసారి పనిచేసే పరిశోధకులు ఆ తర్వాత పెట్టిన శ్రమంతా ఈ చిక్కుముడి చుట్టూనే తిరిగింది. అందులో నర్సింగ్ ప్రొఫెసర్లది పెద్ద పాత్ర. ఎందుకంటే ఈ ప్రశ్నకు జవాబు వాతావరణ శాఖ మ్యాపులో దొరకదు. ఎవరు ఎవరికి అన్నం తినిపిస్తున్నారు, ఎవరు మందులిస్తున్నారు, రాత్రి లేస్తే ఎవరు పట్టుకుంటున్నారు అనేదాంట్లో ఉంటుంది.

ముందు లెక్కలు చూద్దాం. కత్రినా వల్ల లూయిజియానాలో పోయిన 971 మంది మరణాలను పరిశీలిస్తే, దాదాపు సగం మంది 75 ఏళ్లు దాటినవాళ్లు. నీళ్లు వయసు చూసి రావు. పరుగెత్తలేనివాళ్లు, చెవి వినపడనివాళ్లు, ఏం జరుగుతోందో అర్థం కానివాళ్లు దొరికిపోతారు. ఇంతవరకూ ఎవరైనా ఊహించగలరు.

ఊహించలేని లెక్క తర్వాత వచ్చింది. కత్రినా, రీటా, గుస్టావ్, ఐక్ అనే నాలుగు తుపాన్ల దారిలో ఉన్న 119 నర్సింగ్ హోముల నుంచి 21,255 మంది రికార్డులు తీసి, అందులో తీవ్రమైన డిమెన్షియా ఉన్నవాళ్లకు ఏమైందో 2012లో ఒక బృందం ప్రచురించింది. (అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్లో చిన్న ప్రైవేటు ఆసుపత్రి కాదు, తమ పని తాము చేసుకోలేని పెద్దలు ఏళ్ల తరబడి ఉండే చోటు.) తరలింపు వల్ల 30 రోజుల్లో మరణాలు 2.8 శాతం, 90 రోజుల్లో 3.9 శాతం పెరిగాయని తేలింది. చిన్న అంకెల్లా కనిపిస్తాయి. కానీ వీళ్లను తీసుకెళ్లింది ప్రమాదం నుంచి తప్పించడానికి. తప్పించిన తర్వాత, తుపాను పోయాక, వార్తలు ఆగిపోయాక వీళ్లు మెల్లగా రాలిపోయారు. 30 రోజుల కంటే 90 రోజుల అంకె పెద్దదిగా ఉండటాన్ని నేను పదే పదే చూశాను. నష్టం బస్సు దిగగానే ఆగిపోలేదన్నమాట.

జపాన్‌లో ఇదే కథ ఇంకా స్పష్టంగా కనిపించింది. 2011 మార్చిలో భూకంపం, సునామీ, ఆ వెంటనే ఫుకుషిమా అణు ప్రమాదం. ప్లాంటుకు అయిదు కిలోమీటర్ల లోపే ఉన్న ఫుటాబా ఆసుపత్రిని, దాని పక్కనున్న వృద్ధుల గృహాన్ని హడావుడిగా ఖాళీ చేయించారు. రేడియేషన్ ప్రాంతాన్ని తప్పించి చుట్టు తిరిగి వెళ్లాల్సి రావడంతో మంచం మీది మనుషులు గంటల తరబడి బస్సుల్లో కూర్చునే ఉన్నారు. నర్సు లేదు, సెలైన్ లేదు, దుప్పటి లేదు. ఆ నెలాఖరులోపు 40 మందికి పైగా చనిపోయారు. వాళ్లను చంపింది రేడియేషన్ కాదు.

దగ్గర్లోని మినామిసోమా పట్టణంలో అయిదు వృద్ధాశ్రమాల వివరాలు 2013లో బయటికొచ్చాయి. అక్కణ్ణుంచి తరలించిన 328 మందిలో ఏడాది తిరిగేలోగా 75 మంది పోయారు. అంతకు ముందు అయిదేళ్ల మరణాల రేటుతో పోలిస్తే ఇది 2.7 రెట్లు. నాకు అసలు ముఖ్యమనిపించినవి దీని వెనకున్న రెండు విషయాలు. ఒకటి, ఎంత దూరం తీసుకెళ్లారన్నది మరణాల మీద ప్రభావం చూపలేదు. మొట్టమొదటి తరలింపే, అంటే ఏ ఏర్పాటూ లేకుండా జరిగినదే, ఎక్కువ ప్రాణాలు తీసింది. రెండోది, అయిదు ఆశ్రమాల మధ్య తేడా చాలా ఎక్కువ. ఒకచోట ముప్పు దాదాపు మూడు రెట్లయితే, ఇంకోచోట అసలు పెరగలేదు.

ఊరూ విపత్తూ ఒకటే, వయసులూ ఒకటే. అయినా ఫలితం వేరు. అంటే తరలించాలా వద్దా అని ఒక్క ముక్కలో అడిగే ప్రశ్నే సగం తప్పు. ఎలా తరలించారు, ఎవరు వెంట వెళ్లారు, అవతల ఎవరు దించుకున్నారు అన్నవి కలిపితేనే అది పూర్తి ప్రశ్న.

అదే ప్రాంతంలో ఇటాటె అనే ఊరు ఉంది. ఊరంతా ఖాళీ చెయ్యమని ఆదేశాలొచ్చాయి. అక్కడి వృద్ధాశ్రమాన్ని మాత్రం, లోపలి రేడియేషన్ స్థాయి కొలిచి, కొనసాగించుకోనిచ్చారు. పెద్దలు అక్కడే ఉండిపోయారు, సిబ్బంది బయట నుంచి వచ్చి పనిచేసి వెళ్లేవాళ్లు. 85 ఏళ్ల మనిషికి ఇరవై ఏళ్ల తర్వాత రాగల క్యాన్సర్ ముప్పు ఎంత, రేపు బస్సెక్కిస్తే వచ్చే ముప్పు ఎంత అని ఎవరో కూర్చుని తూచారు. అంత తాపీగా తూచే అవకాశం విపత్తుల్లో చాలా అరుదు.

చోటు మారితే ఎందుకంత నష్టం?

ఈ ప్రశ్నకు జవాబు విపత్తు శాస్త్రంలో పుట్టలేదు. 1987లో, తుపాన్ల ఊసే లేని అయోవా రాష్ట్రంలో, జెరీ హాల్, కాథ్లీన్ బక్‌వాల్టర్ అనే ఇద్దరు నర్సింగ్ పరిశోధకులు ఒక నమూనా రాశారు. బక్‌వాల్టర్ అయోవా విశ్వవిద్యాలయం నర్సింగ్ కాలేజీలో ప్రొఫెసర్, వృద్ధుల మానసిక ఆరోగ్యమే ఆమె జీవితకాలపు పని. వాళ్ల నమూనా పెట్టిన ప్రశ్న చాలా మామూలుది. అల్జీమర్స్ (డిమెన్షియాలో ఒక రకం) ఉన్న మనిషి పొద్దున్న బాగానే ఉంటాడు, సాయంత్రమయ్యేసరికి అరుస్తాడు, కొడతాడు, బయటికి పోతానంటాడు. ఎందుకు?

అప్పటిదాకా జబ్బు ముదిరిందనేవాళ్లు. మన ఇళ్లలో అయితే చాదస్తమంటాం, పట్టుదలంటాం. వీళ్లు చెప్పింది వేరు. ప్రతి మనిషికీ ఒత్తిడిని ఓర్చుకునే హద్దు ఒకటి ఉంటుంది. డిమెన్షియా ముదిరేకొద్దీ ఆ హద్దు కిందికి దిగుతూ పోతుంది. ఏటేటా గట్టు కరిగిపోతున్న చెరువు లాంటిదిది. వాన పెరగక్కర్లేదు, నిరుడు పడినంతే పడినా ఈ ఏడు పొంగుతుంది. పొద్దుట్నుంచీ చేరిన చిన్న చిన్న చికాకులు సాయంత్రానికి గట్టు దాటుతాయి. ఆ అరుపులూ పరుగులూ అలా పొంగినవే.

ఆ చికాకుల్ని ఆరు రకాలుగా చెబుతారు. అలసట. చోటుగానీ దినచర్యగానీ చూసుకునే మనిషిగానీ మారడం. మితిమీరిన శబ్దం, వెలుతురు, జనం, లేదా తప్పుగా తోచే దృశ్యాలు. శక్తికి మించిన పని చెయ్యమనడం. నొప్పి, జ్వరం, మలబద్ధకం, దాహం లాంటి ఒంటి బాధలు. చివరగా, చేతుల్లోంచి జారిపోయినవాటి మీద దిగులు. వాళ్లు సూచించిన చికిత్సలో మందుల కంటే మధ్యాహ్నం పూట విశ్రాంతి, ఒకే వేళకు ఒకే పని, తక్కువ చప్పుడు, తెలిసిన మొహం ఎక్కువ. ఇంత సాదాగా ఉన్నందుకేనేమో దీనికి రావాల్సినంత పేరు రాలేదు.

ఇప్పుడు ఈ ఆరింటినీ ఒక జడ్పీ హైస్కూల్లో పెట్టిన పునరావాస కేంద్రంలోకి తీసుకెళ్లి చూడండి. రాత్రి నిద్ర లేదు. చోటు కొత్తది, పక్క మారింది, కాఫీ వేళ తప్పింది. ట్యూబులైట్లు ఆర్పరు, పిల్లలు ఏడుస్తుంటారు, మైకులో ప్రకటనలు ఆగవు. సంతకం పెట్టమని, ఆధార్ చూపించమని, లైన్లో నిలబడమని అడుగుతారు. మోకాళ్ల నొప్పి మాత్ర ఇంట్లో ఉండిపోయింది. ఆరో దానికి వేరే చెప్పక్కర్లేదు, ఇల్లే మునిగింది. ఆరు ఒత్తిళ్లూ ఒకేసారి, విశ్రాంతి లేకుండా రోజుల తరబడి పడే చోటు కోసం వెతికితే సహాయ శిబిరం కంటే మంచి ఉదాహరణ దొరకదు. మామూలు సాయంత్రాలు ఎందుకు కష్టమో చెప్పడానికి రాసుకున్న నమూనా విపత్తుకు అచ్చుగుద్దినట్టు సరిపోవడం చూస్తే, డిమెన్షియా నర్సింగ్ చేసినవాళ్లు చాలామంది విపత్తుల వైపు ఎందుకు మళ్లుతారో అర్థమవుతుంది.

దీనికి తోడుగా ఇంకో ఆలోచన 1996లో వచ్చింది. డోనా ఆల్గేస్, కోర్నీలియా బెక్, ఆన్ కొలనౌస్కీ మొదలైన పరిశోధకులు, డిమెన్షియా ఉన్నవాళ్ల వింత ప్రవర్తన వెనక చెప్పుకోలేని ఒక అవసరం ఉంటుందన్నారు. ‘ఇంటికి పోదాం పద’ అని వందసార్లు అడిగే పెద్దాయనకు బాత్రూం అవసరం కావచ్చు, ఆకలి కావచ్చు, భయం కావచ్చు. ‘ఇల్లు మునిగిపోయింది కదా తాతగారూ, ఎన్నిసార్లు చెప్పాలి’ అనే జవాబు నిజమే. కానీ ప్రతిసారీ అది ఆయనకు కొత్త వార్త, ప్రతిసారీ కొత్త దెబ్బ. ముందు బాత్రూంకి తీసుకెళ్లి, మంచినీళ్లిచ్చి, పక్కన కూర్చుని, ‘మీ ఇంటి ముందు ఏం చెట్టుండేది?’ అని అడిగే నర్సు అబద్ధమేమీ ఆడటం లేదు. ఆయన అసలు అడుగుతున్నదేమిటో వెతుకుతోంది.

అసలు ప్రాణం తీసేది మాత్రం అరుపుల కంటే నిశ్శబ్దం. డెలీరియం అని వైద్యులు పిలిచే స్థితి ఉంది. గంటల్లో, ఒకట్రెండు రోజుల్లో ఉన్నట్టుండి మనసు చెదిరిపోవడం. ఒంట్లో నీళ్లు తగ్గడం, మూత్రంలో ఇన్ఫెక్షన్, మూత్రం బిగుసుకుపోవడం, నిద్ర లేకపోవడం, రోజూ వేసుకునే మందు హఠాత్తుగా ఆగడం, కళ్లజోడో వినికిడి యంత్రమో పోవడం, వీటిలో ఏదైనా చాలు. డిమెన్షియా ఉన్నవాళ్లకు ఇది చాలా తేలిగ్గా వస్తుంది. కొందరిలో గొడవగా కనిపిస్తుంది, కాబట్టి ఎవరో ఒకరు చూస్తారు. ఇంకొందరు మగతగా, మూలన, పిలిస్తే పలకకుండా పడుకుంటారు. కిక్కిరిసిన శిబిరంలో ‘మామ్మగారు పాపం బుద్ధిగా పడుకున్నారు, ఏ పేచీ లేదు’ అనుకుంటారు. ఆ పేచీ లేని మామ్మగారినే ముందు చూడాలి. వయసు మీదపడ్డాక దాహం వేయడమే తగ్గుతుంది. అడిగితే ఇద్దామనుకుంటే ఆవిడ అడగరు.

గొడవ చేసేవాళ్లకు నిద్రమాత్ర ఇచ్చి పడుకోబెట్టాలన్న ఆశ ఇలాంటి చోట్ల బలంగా ఉంటుంది. ఇందుకు వాడేవాటిలో యాంటీసైకోటిక్‌లు, అంటే మానసిక జబ్బులకిచ్చే, మగత తెచ్చే మందులు కూడా ఉంటాయి. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో వాటిలో కొత్త తరం మందులు మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో తీవ్ర హెచ్చరిక పెట్టింది, 2008లో పాత రకాలకూ దాన్ని వర్తింపజేసింది. మనం మందుల షాపులో అడిగి తెచ్చుకునే, మత్తు కలిగించే పాత రకం అలర్జీ మాత్రలు కూడా ఈ వయసులో అయోమయాన్ని పెంచుతాయి. డాక్టరు తప్పనిసరైతే రాస్తారు. పక్కింటివాళ్ల సలహా మీద ఇవ్వాల్సినవి కావు.

కదలకుండా ఉండటం తేలికనుకుంటే

ఇదంతా చదివి, అయితే కదిలించకపోవడమే మేలనుకుంటే సెయింట్ రీటాస్ ఉండనే ఉంది. 2017లో ఫ్లోరిడాలో ఇర్మా తుపాను ఇంకో పాఠం చెప్పింది. హాలీవుడ్ అనే పట్టణంలో (సినిమాల హాలీవుడ్ వేరు) ఒక సంరక్షణ కేంద్రానికి తుపాను వల్ల గోడ కూలలేదు, నీళ్లు రాలేదు. ఏసీకి కరెంటు పోయిందంతే. ఉన్న జనరేటరు ఏసీని నడపదు. సెప్టెంబరు ఎండలో లోపల వేడి పేరుకుంటూ పోయింది. రోజుల తేడాలో పెద్దలు ఒక్కొక్కరే కూలబడ్డారు. 12 మరణాలకు ఆ వేడే కారణమని తేల్చారు. రోడ్డు అవతలే పెద్ద ఆసుపత్రి ఉంది, దానికి కరెంటుంది.

ఆ తర్వాత ఫ్లోరిడా చట్టం మార్చింది. ప్రతి నర్సింగ్ హోమ్‌లో నాలుగు రోజులు, అంటే 96 గంటలు, గదుల వేడిని 81 ఫారెన్‌హీట్ డిగ్రీలు (మన లెక్కలో 27) దాటనివ్వని జనరేటరూ ఇంధనమూ ఉండాలి. అమెరికా కేంద్ర ప్రభుత్వం కూడా 2016లోనే, ప్రభుత్వ డబ్బు తీసుకునే ప్రతి సంరక్షణ సంస్థకూ విపత్తు ప్రణాళిక, సిబ్బందికి శిక్షణ, డ్రిల్లులు తప్పనిసరి చేసింది. ఇర్మా వచ్చేనాటికి ఆ నిబంధన అమలు గడువు ఇంకా రెండు నెలల దూరంలో ఉంది. నియమాలు వార్తల వెనకే నడుస్తాయి, వార్తలు శవాల వెనక.

ఉన్నచోటే ఉండటం కూడా ఒక పనేనని దీన్నిబట్టి అర్థమవుతుంది. నీళ్లు, మందులు, కరెంటు, డ్యూటీ దిగకుండా ఉండగల మనుషులు, ఇవి లేకపోతే దాన్ని ‘ఉంచడం’ అనకూడదు, వదిలెయ్యడం అనాలి.

నడిచేవాళ్లు లెక్కలోకి రారు

కత్రినా తర్వాత వేలమంది నిర్వాసితులు హ్యూస్టన్‌లోని ఆస్ట్రోడోమ్ స్టేడియానికి చేరారు. అంతమంది మధ్యలో వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లు కనబడతారు, ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్లు కనబడతారు. డిమెన్షియా ఉన్న మనిషి చక్కగా నడుస్తాడు, నవ్వుతాడు, ‘బాగానే ఉన్నానమ్మా’ అంటాడు. పక్కన కుటుంబం లేకపోతే ఆయనకు ఏం తెలియదో ఎవరికీ తెలియదు. కార్మెల్ డయ్యర్ అనే వృద్ధుల వైద్యురాలి బృందం అప్పుడు అక్కడికక్కడే ఒక చిన్న పద్ధతి తయారుచేసింది. స్నానం, తిండి, బాత్రూం లాంటి రోజువారీ పనుల్లో ఒక్కటి సొంతంగా చేసుకోలేకపోయినా, తేదీగానీ చోటుగానీ చెప్పలేకపోయినా ఆ మనిషిని హాల్లో ఉంచకూడదు, వెంటనే సంరక్షణ ఉన్నచోటికి పంపాలి. డబ్బు లెక్కలు, ఫారాలు, సాయం కోసం తిరగడం చేతకానివాళ్లకు ఒక కార్యకర్తను కేటాయించాలి. ఇక మిగిలినవాళ్లను తమవాళ్లతో కలిపితే సరిపోతుంది. పెద్ద చదువు లేని వాలంటీరు కూడా నాలుగైదు ప్రశ్నలతో చెయ్యగలిగిన పని.

తప్పిపోవడం ఇంకో భయం. ఫ్లోరిడాలో నర్సింగ్ ప్రొఫెసర్ మెరిడెత్ రో, డిమెన్షియా ఉండి తప్పిపోయినవాళ్ల సంఘటనలను ఏళ్ల తరబడి పోగుచేసి చూశారు. వాటిలో చాలావరకు చూసుకునేవాళ్లు మామూలు పనిలో ఉన్న క్షణాల్లోనే జరిగాయి. అంతకు ముందు ఎప్పుడూ గడప దాటనివాళ్లు కూడా పోయారు. చనిపోయి దొరికినవాళ్లలో ఎక్కువమంది ఇంటికి దగ్గర్లోనే, పొదల్లోనో చెట్ల మధ్యో, కంటపడని చోట దొరికారు. పేరు పెట్టి పిలిచినా పలకరు. కాబట్టి వెతికేవాళ్లు బస్టాండుకీ పక్క ఊరికీ పరుగెత్తే ముందు ఇంటి చుట్టూ ఉన్న ప్రతి మూలా కళ్లతో చూడాలి. తుపాను రాత్రి, వీధి దీపాలు లేనప్పుడు, వరద కాలవ పక్కన, ఈ ఒక్క విషయం తెలిసుండటం ఎంత తేడా తెస్తుందో చెప్పక్కర్లేదు.

మన తీరం సంగతి

ఆంధ్ర తీరానికి తరలింపు అంటే విజయగాథ. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్లు అధికారిక లెక్కల్లోనే దాదాపు పది వేలు. అంత తీవ్రంగానే వచ్చిన 1990 మే తుపానులో 967. ముందు హెచ్చరిక, షెల్టర్లు, లక్షల మందిని ఊళ్లు ఖాళీ చేయించడం, ఇవే ఆ తేడాకు కారణం. 2014లో హుద్‌హుద్ నేరుగా విశాఖ నగరం మీదికే వచ్చినా మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. ఉప్పెన వచ్చే ఊళ్లో డిమెన్షియా ఉన్నవాళ్లను ఉంచాలా వద్దా అన్న చర్చే లేదు. తియ్యాల్సిందే. అమెరికా అధ్యయనాలు చూపించి ఎవరైనా ఇక్కడ తరలింపును తప్పుపడితే అది ప్రమాదకరమైన తెలివి.

కానీ మన లెక్కల్లో ఒక గడి ఖాళీగా ఉంది. జపాన్‌లో, విపత్తు తర్వాత శిబిరంలో అలసటతో, ఆగిన మందులతో, ముదిరిన జబ్బుతో పోయినవాళ్లను ‘విపత్తు సంబంధిత మరణం’ కింద విడిగా పరిశీలించి లెక్కిస్తారు, కుటుంబానికి పరిహారం కూడా ఇస్తారు. 2016 కుమమోతో భూకంపంలో నేరుగా పోయినవాళ్లు 50 మంది. ఆ తర్వాత ఇలా పోయినవాళ్లు 200 దాటారు. ఫుకుషిమా రాష్ట్రంలో కూడా ఈ రెండో లెక్కే మొదటిదాన్ని మించింది. మన తుపాను మృతుల జాబితాలో గోడ కూలి, చెట్టు పడి, కరెంటు తీగ తగిలి, నీళ్లలో కొట్టుకుపోయి చనిపోయినవాళ్లు ఉంటారు. పునరావాస కేంద్రం నుంచి ఇంటికొచ్చిన పదిహేనో రోజున పోయిన ముసలావిడ ఏ జాబితాలోనూ ఉండదు. ‘పెద్దవయసు కదా’ అనుకుంటాం. లెక్కలో లేని చావును తగ్గించడానికి ఎవరూ డబ్బు కేటాయించరు.

దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో, పట్నాల్లో కంటే పల్లెల్లో ఎక్కువ. వీళ్లలో చాలామందికి ఆ జబ్బు పేరు ఏ డాక్టరూ రాసివ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో పూర్తిగా మంచాన పడ్డవాళ్లకు ప్రత్యేక పింఛను ఉంది, కాబట్టి వాళ్ల పేర్లు సచివాలయంలో ఉంటాయి. నడవగలిగే డిమెన్షియా మనిషి ఆ జాబితాలో లేడు. అయినా నెలనెలా ఇంటికెళ్లి పింఛను ఇచ్చే సిబ్బందికి, ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు ఏ ఇంట్లో ఎవరి పరిస్థితి ఏమిటో చాలావరకు తెలిసే ఉంటుంది. ఆ తెలిసినది కాగితం మీదికి రావాలి, తుపాను హెచ్చరిక వచ్చిన రోజు తహసీల్దారు బల్ల మీద ఉండాలి. నా దృష్టిలో ఇక్కడ చెయ్యగలిగిన పనుల్లో అతి చవకైనదీ, అతి ఎక్కువ ఫలితమిచ్చేదీ ఇదే.

శిబిరంలో కూడా పెద్ద ఖర్చేమీ లేదు. స్కూల్లో హాలుతో పాటు చిన్న గదులుంటాయి. బాత్రూంకి దగ్గరగా, గేటుకు దూరంగా ఉన్న ఒక గదిని వీళ్లకూ వీళ్లతో ఉన్నవాళ్లకూ ఇవ్వడం. రాత్రి పెద్ద లైటు తీసేసి చిన్నది వెలిగించడం. ఇంట్లోవాళ్ల నుంచి విడదీయకపోవడం, ‘ఆడవాళ్లు ఇటు, మగవాళ్లు అటు’ అనే నియమం వీళ్ల విషయంలో సడలించడం. ఇక తిండి. మనకు వరద అంటే పులిహోర పొట్లం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు డ్రోన్లతో కూడా పొట్లాలు దించారు, మంచి పనే. కానీ కట్టుడు పళ్లు ఇంట్లో వదిలేసి వచ్చిన, మింగడం కష్టమైన మనిషికి పొడిపొడిగా ఆరిపోయిన పులిహోర గొంతుకు అడ్డం పడుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. మెత్తగా కలిపిన పెరుగన్నం, నిటారుగా కూర్చోబెట్టి చిన్న చిన్న ముద్దలు, మధ్యలో ఆగడం, తిన్నాక అరగంట పడుకోబెట్టకపోవడం, ఇది నర్సింగ్ చెప్పే విషయం. వంటవాళ్లకు ముందే చెప్పి ఉంచాలి.

ఎండాకాలం కూడా విపత్తేనని మనం తరచు మర్చిపోతాం. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300 మందికి పైగా వడదెబ్బతో చనిపోయారు. డిమెన్షియా ఉన్నవాళ్లు మే నెలలో స్వెటరు వేసుకుంటారు, ఫ్యాను ఆపేస్తారు, నీళ్లు తాగామనే అనుకుంటారు. బీపీకి వాడే, నీరు తీసే మాత్రలు ఈ ముప్పును ఇంకా పెంచుతాయి. ఎండలు ముదిరే ముందు డాక్టరుతో ఆ మాత్రల సంగతి మాట్లాడటం మంచిది, సొంతంగా ఆపెయ్యడం కాదు.

ఇంట్లో చూసుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్క కాగితం గురించే. మందుల చీటీ, ఆధార్ ఎలాగూ సంచిలో పెడతారు. ఇంకో కాగితం మీద ఆ మనిషి గురించి రాసిపెట్టాలి. ఏ పేరుతో పిలిస్తే పలుకుతారు, ఏం తింటారు, ఎలా తింటారు, బాత్రూంకి ఏ వేళకు లేస్తారు, ఎడమ చెవి వినపడదా, కోపం వస్తే ఏం చేస్తే తగ్గుతుంది, పాత రోజుల్లో ఏ పని చేసేవారు. కళ్లజోడు, పళ్లసెట్టు, వినికిడి యంత్రం బ్యాటరీలు, ఇటీవలి ఫొటో. చేతికి ఫోన్ నంబరు రాసిన పట్టీ, ఎందుకంటే జేబులో చీటీ ఉన్నట్టు ఆయనకు గుర్తుండదు. మీరు తుపానులో చిక్కుకుని అక్కడ లేకపోయినా, ఆ కాగితం చదివిన తెలియని మనిషి మీలా కొంతైనా మసలుకోగలగాలి.

పిల్లలు అమెరికాలో, అమ్మానాన్నలు కాకినాడలోనో మచిలీపట్నంలోనో ఉన్న ఇళ్లు మనకు కొత్త కాదు. అలాంటి ఇళ్లలో ఆ కాగితం పక్కింటివాళ్ల దగ్గర ఒక కాపీ ఉండాలి, తాళంచెవితో సహా. పెద్దల సమస్యలకు దేశమంతటా పనిచేసే 14567 ఎల్డర్‌లైన్ నంబరు కూడా అందులో రాసుకోవచ్చు. అటువైపు పరిస్థితి కూడా ఉంది. హ్యూస్టన్‌కో టాంపాకో పిల్లల దగ్గరికి ఆర్నెల్లకు వెళ్లిన అమ్మగారికి మతిమరుపు మొదలై ఉంటే, హరికేన్ వచ్చినప్పుడు ఆమె పేరు అక్కడి ఏ సంస్థ జాబితాలోనూ ఉండదు. టెక్సస్‌లో 211కు ఫోన్ చేసి అత్యవసర సాయం అవసరమైనవాళ్ల రిజిస్ట్రీలో పేరు రాయించుకోవచ్చు, ఫ్లోరిడాలో కూడా ప్రత్యేక అవసరాలున్నవాళ్లకు కౌంటీల వారీగా అలాంటిదే ఉంది. డిమెన్షియాలో తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోతుంది, అమ్మ భాషే చివరిదాకా నిలుస్తుంది. ఎప్పుడో కాన్వెంటులో టీచరుగా ఇంగ్లీషు గడగడా మాట్లాడినావిడ కూడా షెల్టర్‌లో తెలుగులోనే అడగొచ్చు. ఆ కాగితం ఇంగ్లీషులోనూ, నాలుగైదు అవసరమైన తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాసి ఉంచితే అక్కడి నర్సుకు నీళ్లు కావాలో బాత్రూం కావాలో తెలుస్తుంది.

జపాన్‌లోని ఒముటా పట్టణంలో ఏటా ఒక డ్రిల్ చేస్తారు. ఒకరు డిమెన్షియా ఉండి దారితప్పిన మనిషిలా వీధుల్లో తిరుగుతారు. పట్టణవాసులు ఆ మనిషిని గుర్తుపట్టి, ఎదురుగా వచ్చి, మెల్లగా పలకరించాలి. మన తుపాను మాక్ డ్రిల్లుల్లో నీళ్లలో పడ్డవాడు, కాలు విరిగినవాడు, స్పృహ తప్పినవాడు ఉంటారు, నర్సింగ్ కాలేజీ విద్యార్థులే చాలాసార్లు ఆ వేషాలు వేస్తారు. వాళ్లలో ఇంకొకరికి ఇంకో వేషం ఇవ్వొచ్చు. ఆయనకు ఏ గాయమూ లేదు. తన గేదెలకు నీళ్లు పెట్టాలని, ఎక్కడికీ రానని గుమ్మంలో కూర్చుంటాడు. గేదెలు అమ్మేసి పదేళ్లయింది. ఉప్పెన రావడానికి ఆరు గంటలుంది, బయట హారన్ కొడుతున్నారు. నలుగురు కలిసి రెక్కలు పట్టుకుని ఎత్తేస్తే ఆయన కొడతాడు, కరుస్తాడు, కిందికి దూకుతాడు. అరవకుండా, అబద్ధం పెద్దగా ఆడకుండా, కోడలు ముందు ఎక్కి కూర్చుంటే వస్తాడా, గేదెల గురించి మాట్లాడుతూ నడిపిస్తే వస్తాడా అన్నది ఆయన్ను కదిలించాల్సిన రెండో సంవత్సరం విద్యార్థిని తేల్చుకోవాలి. పక్కన ఫ్యాకల్టీ మేడం వాచీ చూస్తూ నిలబడతారు.